రెండు నిమిషాల వార్తకి ఐదు గంటల అనుబంధం: కెంటకీ డెర్బీ 2025 టీవీలో

ముందు మార్కులు చెప్పేస్తాను. "ఇంట్రోలోనే విషయం ఉండాలి అమ్మాయ్, మూడో పేరాలో దాచకూడదు" అని మా మామయ్యగారు పక్కనే కూర్చుని చెబుతున్నారు. అమెరికాలో ఏటా జరిగే పెద్ద గుర్రప్పందెం కెంటకీ డెర్బీ. దాని 2025 టీవీ ప్రసారానికి 5కి 3. దాన్ని మా ఇంటికి చేర్చిన స్ట్రీమింగ్ యాప్‌కి 1. ఆ ఒక్క మార్కూ బొమ్మ స్పష్టంగా ఉన్నందుకు.

మేముండేది కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో. రేసు జరిగే లూయీవిల్ కారులో వెళ్తే గంటంపావు దూరం. ఎనిమిదేళ్ళుగా ఇక్కడున్నా ఒక్కసారీ ఆ రేసుకోర్సు, చర్చిల్ డౌన్స్, గేటు దాటలేదు. టికెట్ రేటు ఒక కారణం. రెండోది, లక్షన్నర మంది మధ్య వానలో నిలబడి, గుర్రం తోక కూడా కనపడక, ఎవరో అరిస్తే మనమూ అరవడం నాకు నచ్చదు. అందుకని ప్రతి మే నెల మొదటి శనివారం మా హాల్లోనే డెర్బీ. ఈసారి ఇద్దరు కొత్త ప్రేక్షకులు కలిశారు. ఒకరు మార్చిలో మా దగ్గరికి వచ్చిన మామయ్యగారు. ఒక తెలుగు పత్రికలో ముప్ఫై రెండేళ్ళు నైట్ డెస్క్ మీద సబ్ ఎడిటర్‌గా చేసి రిటైరయ్యారు. ఏది చూసినా పేజీ పెట్టే కంటితోనే చూస్తారు, పెళ్ళి ఆల్బమ్‌తో సహా. రెండో ఆవిడ మా పక్కింటావిడ. డెబ్బై దాటాయి. ఒక గుర్రాల ఫారంలో పాతికేళ్ళపాటు ఈననున్న గుర్రాల దగ్గర రాత్రి కాపలా ఉన్న మనిషి. "రాత్రి ఉద్యోగాల వాళ్ళం" అని వీళ్ళిద్దరికీ మొదటి పది నిమిషాల్లోనే జత కుదిరింది. ఆయన ఇంగ్లీషు ఆవిడకి సగమే అర్థమవుతుంది, ఆవిడ కెంటకీ యాస ఆయనకి పావే అర్థమవుతుంది. మధ్యలో నేను.

గుర్రాల పేర్లు చీటీల మీద రాసి గిన్నెలో వేసి తలొకటి తీయడం మా ఇంట్లో ఆనవాయితీ. ఇరవై గుర్రాలు పరిగెత్తాలి. గురువారం రోడ్రిగెజ్ తప్పుకుంటే దాని చోట్లో బయెజా వచ్చింది. శుక్రవారం గ్రాండే కూడా తప్పుకుంది కానీ అప్పటికి కొత్తవాళ్ళని తీసుకునే గడువు అయిపోయింది. చివరికి పందొమ్మిది చీటీలు. మామయ్యగారి చేతికి ఏం వచ్చిందో ఊహించండి. జర్నలిజం! అందరూ గెలుస్తుందన్న ఫేవరెట్, 8వ నంబరు. ఆయన చీటీ విప్పి, కళ్ళజోడు సర్దుకుని, "ముప్ఫై రెండేళ్ళు దీని మీదే కూర్చున్నాను, ఇవాళ పరిగెత్తిస్తానా?" అన్నారు. మా తొమ్మిదేళ్ళ అమ్మాయికి 18వ నంబరు, సావరిన్టీ. నాకు సిటిజన్ బుల్. పక్కింటావిడ చీటీ తీయనంది. ఆవిడ ఏ గుర్రం మీదా పందెం వేయదట. ఎందుకో తర్వాత తెలిసింది.

ప్రసారం మధ్యాహ్నం రెండున్నరకి మొదలై రాత్రి ఏడున్నర దాకా సాగుతుంది. డెర్బీ పరుగు మాత్రం ఏడింటి ప్రాంతంలో. మైలుంపావు దూరం, రెండు నిమిషాల పైన కొన్ని సెకన్లు. మిగిలిన నాలుగు గంటల యాభై ఎనిమిది నిమిషాల్లో ఏం చూపిస్తారు? మధ్యలో వేరే రేసులు ఉంటాయి, అవి బానే ఉంటాయి. కానీ వాటి చుట్టూ చూడటానికొచ్చినవాళ్ళ టోపీలు. టోపీ మీద పూలు, టోపీ మీద ఈకలు, వానకి తడిసి సొట్టబోయిన టోపీ, దానికి ప్లాస్టిక్ కవరు తొడుక్కున్న టోపీ. తర్వాత పుదీనా వేసిన విస్కీ ఎలా కలపాలో ఒకాయన. తర్వాత ఎవరో సినిమావాళ్ళు, ఎవరో ఆటగాళ్ళు, "ఏ గుర్రం గెలుస్తుందనుకుంటున్నారు" అంటే "పేరు బాగుందని ఫలానాది" అనే జవాబులు. మామయ్యగారు ఒక కునుకు తీసి, లేచి, టీ తాగి వచ్చారు. అప్పటికీ తెర మీద టోపీయే.

"ఇదంతా ఆదివారం అనుబంధం అమ్మాయ్. మెయిన్ ఎడిషన్ ఎప్పుడు వేస్తారు?"

నవ్వాను కానీ అక్కడే నా అసలు ఫిర్యాదు కూడా ఉంది. చెప్పాల్సింది లేక టోపీలు చూపిస్తే సరే. చెప్పాల్సింది బోలెడుంది. మామయ్యగారు అడిగిన ప్రశ్నలే తీసుకోండి. "ఇవన్నీ ఒకే వయసువా?" అవును, డెర్బీలో పరిగెత్తేవన్నీ మూడేళ్ళవే. ఈసారి వచ్చినవన్నీ 2022లో పుట్టాయి. పుట్టిన తేదీ ఏదైనా జనవరి 1న అందరికీ ఒకేసారి వయసు పెరుగుతుంది, అంటే ఏ గుర్రానికైనా డెర్బీ జీవితంలో ఒక్కసారే. "పేర్లు ఇలా ఎందుకుంటాయి?" పేరు ఖాళీలతో కలిపి పద్దెనిమిది అక్షరాలు దాటకూడదని నియమం. అది వినగానే ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. "హెడ్డింగ్‌కి అక్షరాల లెక్క మాకొక్కళ్ళకే అనుకున్నాను!" ఆ తర్వాత అరగంట తెర మీద వచ్చిన ప్రతి పేరునీ వేళ్ళ మీద లెక్కపెట్టారు. ఒక్క పేరుతో ఒక మనిషిని అరగంట కూర్చోబెట్టొచ్చు. ఈ ముక్కలేవీ మేం చూసినంతసేపు ప్రసారంలో రాలేదు, నేను చెప్పుకోవాల్సి వచ్చింది.

బాగున్నవీ చెప్పాలి కదా. ఎన్నికల రాత్రుల్లో టీవీలో పెద్ద బోర్డు ముందు నిలబడి లెక్కలు చెప్పే స్టీవ్ కోర్నాకీ డెర్బీకీ వస్తాడు. చొక్కా చేతులు మడుచుకుని అదే హడావుడితో గుర్రాల చరిత్ర తవ్వుతాడు. మామయ్యగారికి ఆయన ఒక్కడే నచ్చాడు. "కౌంటింగ్ రోజులా ఉంది, ఈ అబ్బాయిని ఇక్కడే ఉంచమను." నాకూ ఈ లెక్కల పిచ్చి ఉంది. అప్పటికి 17వ గేటు నుంచి బయల్దేరిన గుర్రం ఒక్కటీ డెర్బీ గెలవలేదు, ఒకటో గేటు నుంచి 1986లో ఫెర్డినాండ్ తర్వాత ఎవరూ గెలవలేదు. నా సిటిజన్ బుల్ ఒకటో గేటే. ఈ సంగతి తెలిసి కూడా నేను ఆశ పెట్టుకున్నాను, అదే డెర్బీ.

ఇంకొకటి. ప్రధాన యాంకర్ మైక్ టిరికో ప్రసారం మధ్యలోనే వెళ్ళిపోవాల్సి వచ్చింది. నట్స్ పడక ఎలర్జీ వచ్చిందని తర్వాత తెలిసింది. ఆయన కుర్చీలోకి అహ్మద్ ఫరీద్ వచ్చి, ఎక్కడా తడబడకుండా, ఏమీ జరగనట్టు నడిపించేశాడు. మామయ్యగారు టీవీకి చేయెత్తి నమస్కారం పెట్టారు. ఇన్‌చార్జికి జ్వరమొచ్చిన రాత్రి మొదటి పేజీ తన నెత్తిన పడ్డ కథ అప్పుడు చెప్పారు. ఆ కథ ప్రసారంలో కొంత భాగం కంటే చాలా బాగుంది, కానీ సమీక్ష దాని గురించి కాదు.

సరే, సాయంత్రం ఆరున్నర దాటింది. ఇక్కడి నుంచి ప్రసారం నిజంగా బాగుంటుంది. జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ జాకీలని గుర్రాలెక్కమని పిలిచింది. గుర్రాలు బురదలో అడుగులేస్తూ వచ్చాయి. లూయీవిల్ యూనివర్సిటీ బ్యాండ్ కెంటకీ రాష్ట్ర గీతం అందుకుంది. తడిసిన జనమంతా గొంతు కలిపారు. యాంకర్లు మాట్లాడకుండా ఉండటం రోజు మొత్తంలో అప్పుడే చూశాను. పక్కింటావిడ కూడా సన్నగా పాడింది. వాన రోజంతా పడి ట్రాక్ ముద్దగా తయారైంది. ఆవిడ తెర దగ్గరికి జరిగి గుర్రాల కాళ్ళు చూస్తోంది, మొహాలు కాదు. నన్నూ కాళ్ళే చూడమంది.

గేట్లు తెరుచుకున్నాయి. సిటిజన్ బుల్ ముందుకి దూకింది. నా గుర్రం, ఒకటో గేటు, ముందు! నేను సోఫా ఎక్కి నిలబడ్డాను, నలభై మూడేళ్ళ వయసులో. తెర మీద ముందున్న నాలుగైదు గుర్రాలు నిండుగా కనిపిస్తున్నాయి. మిగతా పద్నాలుగు ఎక్కడో ఫ్రేము బయట. "నాదేది, నాదేది" అని మా అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. ట్రాక్ అవతలి వైపు తిన్నటి దారిలో పరిగెత్తుతున్నాయి, ఇంకా ఆఖరి మలుపు రాలేదు.

అప్పుడు నా ఫోన్ మోగింది. ఆఫీసు వాట్సాప్ గ్రూపు. మా అమ్మాయి చటుక్కున తీసి చదివింది. "అమ్మా, 18 అట! సావరిన్టీ అట! నాదే!"

తెర మీద నా సిటిజన్ బుల్ ఇంకా ముందే ఉంది, పాపం.

యాప్‌లో బొమ్మ అసలు సంఘటన కంటే ముప్పావు నిమిషం వెనక నడుస్తోందన్నమాట. మామూలు సినిమాకి ఇది పట్టదు. క్రికెట్‌కీ సర్దుకోవచ్చు. రెండు నిమిషాల రేసులో ముప్పావు నిమిషమంటే మూడో వంతు కంటే ఎక్కువ. డబ్బు కట్టి, ఐదు గంటలు టోపీలు భరించి, చివరికి ఫలితం ఆఫీసు గ్రూపులో తెలుసుకున్నాం. మామయ్యగారు చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ అన్న మాట ఇంకా చెవిలో ఉంది. "అనుబంధం అంత ఘనంగా వేసి, అసలు వార్త పక్క పేపరు వాడు ముందేస్తే ఎలాగమ్మా?"

ఆఖరి పరుగు అయినా చూశాం. గెలుపెవరిదో తెలిసి చూడటంలో ఒక వింత లాభం ఉంది: కన్ను ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. వెనక గుంపులోంచి నీలం రంగు చొక్కా బయటివైపుగా లేచింది. జర్నలిజం కూడా అప్పుడే ముందుకొచ్చింది. రెండూ పక్కపక్కన కొంతదూరం. ఆ తర్వాత నీలం చొక్కా జారిపోయినట్టు ముందుకి వెళ్ళిపోయింది. ఒకటిన్నర లెంగ్త్‌ల తేడా, అంటే ఒకటిన్నర గుర్రం పొడవు. మూడోది బయెజా. పట్టిన సమయం 2:02.31. బురదలో అది మంచి పరుగే. సెక్రటేరియట్ అనే గుర్రం 1973లో పెట్టిన రెండు నిమిషాల లోపు రికార్డు మాత్రం యాభై ఏళ్ళు దాటినా అలాగే ఉంది. కామెంటేటర్ లారీ కాల్మస్ గొంతు ఎప్పటిలాగే. పందొమ్మిది పేర్లు, బురద కొట్టుకుపోయి రంగులు తెలియని చొక్కాలు, అయినా తడుముకోలేదు. ఆయనకి 5కి 5.

కెమెరాతోనే నా గొడవ. పక్కనుంచి, ముందున్న గుర్రాలతో పాటు కదిలే షాట్ అందంగా ఉంటుంది. కానీ డెర్బీలో కథ చాలాసార్లు వెనక నుంచి మొదలవుతుంది. 2022 గుర్తుందా? ముందురోజు వరకూ జాబితాలోనే లేని రిచ్ స్ట్రైక్, 80కి 1 బేరంతో, అంటే గెలుస్తుందని దాదాపు ఎవరూ నమ్మని గుర్రం, చివరి వరసల నుంచి గుర్రాల సందుల్లో దూరుతూ వచ్చి గెలిచింది. అంతకుముందు ఏడాది 30,000 డాలర్లకి కొన్న గుర్రమని జనం ఇంకా చెప్పుకుంటారు. ఆ రోజు లైవ్‌లో చూసినవాళ్ళకి ఆఖరి క్షణాల దాకా అది కనపడలేదు, కాల్మస్ నోట కూడా చివర్లోనే వచ్చింది. పైనుంచి తీసిన వీడియో తర్వాత బయటికొచ్చాకే జాకీ సానీ లియాన్ చేసిన పని ఏమిటో అందరికీ అర్థమైంది. ఆ రాత్రి భోజనాలయ్యాక అది మామయ్యగారికి ఫోన్‌లో చూపించాను. నాలుగుసార్లు చూశారు. నాలుగోసారి వేలితో దారి గీస్తూ చూశారు. రేసు జరుగుతుండగానే తెర మూలన ఒక చిన్న పెట్టెలో ఈ పై చూపు పెడితే ఇంకేం కావాలి? టోపీకి ఇచ్చే చోటు పాటి కూడా అక్కర్లేదు.

ఛానళ్ళకి వార్త చూపించడం చేతకాక కాదు. 2019లో మాగ్జిమమ్ సెక్యూరిటీ మొదట వచ్చినా మిగతావాటి దారికి అడ్డొచ్చిందని ఫిర్యాదు వస్తే, అధికారులు ఇరవై రెండు నిమిషాలు తర్జనభర్జన పడి, 65కి 1 బేరమున్న కంట్రీ హౌస్‌ని విజేతగా ప్రకటించారు. ఆ ఇరవై రెండు నిమిషాలూ ఒకే ముక్క తిప్పి తిప్పి చూపిస్తూ, అడుగు అడుగునా విడమరిచి చెబుతూ, మమ్మల్ని ఊపిరి తీసుకోనివ్వలేదు. నేను టీవీలో చూసిన గొప్ప క్రీడా ప్రసారాల్లో అదొకటి. ఒక్క టోపీ లేదు! ఆనాటి కంట్రీ హౌస్ ట్రైనర్ బిల్ మాట్ ఇప్పటి సావరిన్టీ ట్రైనర్ కూడా. అప్పుడు కాగితం మీద గెలిచిన మనిషి ఇప్పుడు గీత దాటి గెలిచాడు. మామయ్యగారు దీన్ని "బాక్స్ ఐటం కాదు, ఇదే లీడ్" అన్నారు.

ఇక పక్కింటావిడ సంగతి. గీత దాటగానే మేమంతా అరుస్తుంటే ఆవిడ మాత్రం నోట్లో ఏదో లెక్కపెడుతోంది. ఐదు, ఆరు, ఏడు. తెర మీద జాకీ జూనియర్ ఆల్వరాడో బురద మొహంతో నవ్వుతున్నాడు. ట్రైనర్‌ని కౌగిలించుకుంటున్నారు. గులాబీల దుప్పటి వస్తోంది. ఆవిడ వెనక మసగ్గా వెళ్తున్న గుర్రాలని లెక్కిస్తోంది. పదకొండు దగ్గర ఆగిపోయింది, ఎందుకంటే ప్రకటనలు వచ్చేశాయి. 2008లో ఎయిట్ బెల్స్ అనే ఆడగుర్రం రెండో స్థానంలో గీత దాటాక, వేగం తగ్గించుకుంటూ ఉండగా ముందు కాళ్ళు రెండూ విరిగి పడిపోయింది. అక్కడే దాన్ని మందిచ్చి చంపాల్సి వచ్చింది. అప్పటి నుంచీ అన్నీ వెనక్కి తిరిగొచ్చేదాకా ఆవిడ చప్పట్లు కొట్టదట. 2023లో చర్చిల్ డౌన్స్‌లో డెర్బీకి అటూ ఇటూ కొన్ని వారాల్లోనే పన్నెండు గుర్రాలు చనిపోయాయి. ఆవిడ గొంతు పెంచకుండా చెప్పింది ఇదంతా. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, "పందొమ్మిదీ కొట్టాల్లోనే ఉన్నాయి" అని చెప్పి పెట్టేసింది. ఆ ఒక్క ముక్క ప్రసారం చివర్లో ఎవరైనా చెప్పి ఉంటే పది సెకన్లు పట్టేది.

మర్నాడు నుంచి అభిమానుల గోల. సావరిన్టీ అంటే సార్వభౌమత్వం, అది జర్నలిజాన్ని ఓడించింది. ఈ ఒక్క జోకునే వంద రకాలుగా తిప్పారు జనం. మామయ్యగారు కూడా ఒకటి కట్టారు, "అధికారం ముందు పత్రిక ఒకటిన్నర లెంగ్త్ వెనక" అని. బిల్ మాట్ తర్వాతి పెద్ద రేసు ప్రీక్‌నెస్‌కి గుర్రాన్ని తీసుకెళ్ళనని చెప్పేసరికి గోల రెండింతలైంది. రెండు వారాల వ్యవధిలో మళ్ళీ పరిగెత్తించనన్నాడు. డెర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్ మూడూ ఒకే గుర్రం గెలిచే ట్రిపుల్ క్రౌన్ ఆశ మొదట్లోనే పోయిందని ఆఫీసులో సగం మంది తిట్టారు. పక్కింటావిడ మాత్రం "గుర్రానికి ఓటు హక్కు లేదు, ఆయన దాని తరఫున వేశాడు" అంది. కొన్నాళ్ళకి ఆల్వరాడో ఆరుసార్లకి మించకూడని కొరడాని ఎనిమిదిసార్లు వాడాడని 62,000 డాలర్ల జరిమానా వేశారు. ఈ వార్త ఆవిడే తెచ్చింది, మొహం చిన్నబుచ్చుకుని. నేను ఆ పరుగు ఎన్నిసార్లు చూసినా కొరడా లెక్కపెట్టలేదు.

యాప్ సంగతి చెప్పి ముగిస్తాను. సహాయ కేంద్రానికి రాస్తే "ఇంటర్నెట్ సరిచూసుకోండి" అని జవాబు. మా ఆయన ఇంకేం మాట్లాడకుండా 25 డాలర్లు పెట్టి ఒక యాంటెనా కొనుక్కొచ్చి కిటికీకి అంటించారు. చూడటానికి నల్లటి అట్టముక్క. దానికి 5కి 5. ప్రీక్‌నెస్ దాని మీదే చూశాం. జర్నలిజం రెండు గుర్రాల మధ్య నలిగి, తోసుకుని బయటపడి, గెలుపు గీత దగ్గర గాస్గర్ అనే గుర్రాన్ని పట్టేసింది. ఈసారి ఫోన్ మా అరుపుల తర్వాతే మోగింది. మామయ్యగారు జేబులోంచి ఆ పాత చీటీ తీసి టీవీ స్టాండుకి అతికించారు. ఇంకా అక్కడే ఉంది.

జూన్ 7న బెల్మాంట్. బెల్మాంట్ పార్క్ అప్పటికి తిరిగి కడుతున్నందువల్ల 2025లోనూ సరటోగా ట్రాక్ మీదే, మైలుంపావుకే. ఛానల్ వేరు. టోపీలు తక్కువ. సావరిన్టీ, జర్నలిజం, బయెజా. డెర్బీ వరసే మళ్ళీ, అచ్చు పొల్లుపోకుండా. "పాత పేజీనే మళ్ళీ వేశారు" అన్నారు మామయ్యగారు. పరిగెత్తింది ఎనిమిదే. గీత దాటాక హాల్లో ఎవరం అరవలేదు. పక్కింటావిడ వేలు తెర వైపు చూపిస్తూ మొదలుపెట్టింది. ఆరు దగ్గరికి వచ్చేసరికి మామయ్యగారు కూడా తెలుగులో అందుకున్నారు, ఏడు, ఎనిమిది.